రాజమణి గారు మళ్లీ దిద్దిన వక్రరేఖ

1992 జూలై పద్నాలుగవ తేదీన పాతబస్తీలోని మన కళాశాలలో రసాయనశాస్త్ర ఉపన్యాసకురాలిగా చేరిన శ్రీమతి రాజమణి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. విశ్రాంతి అన్న మాట వినగానే ఆమె ముఖంలో వెల్లివిరిసిన తృప్తిని చూసి, మా వీడ్కోలు దుఃఖాన్ని మేమే కొంత తగ్గించుకోవలసి వచ్చింది.

తొలి దశాబ్దం ప్రయోగశాల బాధ్యతలతోనూ, మలి దశాబ్దం పరీక్షల నిర్వహణతోనూ గడిచిపోగా, ఆమెకు తీరిక అన్నది అందని పదార్థమే అయింది. ఉష్ణోగ్రతను బట్టి వాయు అణువుల వేగాలు ఎలా పంపిణీ అవుతాయో చెప్పే పాఠం వచ్చినప్పుడు మాత్రం ఆమె అలసట మరచిపోయేవారు.

ప్రీ-ఫైనల్ తప్పినవారికి హాల్‌టికెట్ ఇవ్వరాదని యాజమాన్యం నిర్ణయించిన 2012లో, జవాబుల కీలో సరిగ్గా ఆ పాఠపు పటమే తప్పు పడింది. వేడి పెరిగితే, ఏ వేగంతో ఎన్ని అణువులున్నాయో చూపే వక్రరేఖ శిఖరం కుడికి జరగడమే కాక పైకి కూడా లేస్తుందని అందులో ఉంది. రోజంతా పాఠాలు చెప్పి నీరసించిన రాజమణి గారు కీ ప్రకారమే సగం కట్ట దిద్దేశారు. ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే ఇంటి అమ్మాయి మున్నీ, శిఖరం కుంగినట్లు సరిగానే గీసిన పటానికి సున్న వేశారు. ఆ మార్కులు పోవడంతో మున్నీ తప్పింది. ఎందుకో మనసొప్పక రాజమణి గారు ఆ పేపరును మళ్లీ దగ్గరకు తీసుకున్నారు.

“భిక్షపతి సార్, కీ తప్పుంది,” అన్నారు.

“ఇంత పొద్దుపోయినంకనా మేడమ్? కీల ఎట్లుంటే గట్లనే ఏసి పంపుర్రి. కట్టలు మళ్ల ఇప్పితే అందరు లొల్లి చేస్తరు,” అన్నారు పరీక్షల ఇన్‌చార్జి భిక్షపతి గారు.

“మూసిన డబ్బాల అణువులు ఎన్నున్నయో అన్నే ఉంటయి కద సార్. వేడి చేస్తే మస్తు ఉరికేటియి ఎక్కువైతయి, నిదానంగ పోయేటియి తగ్గుతయి, గని మొత్తం పోవు. గంత దూరం పరుచుకున్నంక కుప్ప ఎత్తు తగ్గాలె. పెరగనీకి కొత్తయి యాడికెళ్లి తెద్దాం? నాకు గూడ ఓపిక లేదు. గని తప్పు మనది, పిల్లది కాదు.”

ఆమెను మనసులో తిట్టుకుంటూనే, పేపర్లు దిద్దుతున్న మేమందరమూ కట్టలు విప్పి మళ్లీ దిద్దాము. మున్నీకి హాల్‌టికెట్ వచ్చింది. ఇంత జరిగిందని రాజమణి గారు ఆ పిల్లకు చెప్పలేదు, మమ్మల్ని చెప్పనివ్వలేదు. నేడు మనతోపాటు రసాయనశాస్త్రం బోధిస్తున్న మున్నీ గారు ఈ సంగతిని ఈ పుటలోనే మొదటిసారి చదువుతున్నారు.

ఇన్నేళ్ల అలసట తీరడానికే రాజమణి గారికి చాలా ఏళ్లు పడతాయి. అది తీరిన తరువాత కూడా ఆరోగ్యంగా, హాయిగా గడపడానికి చాలినంత ఆయుష్షు వారికి ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.