పున్నమ్మ మంచుబూట్లు

పున్నమ్మకి కాళ్లు పెద్దవి. అదీ ఆవిడ చేసిన తప్పు. బురదలో దిగినా దిగబడని కాళ్లు, మోపు నెత్తినెత్తుకున్నా తూలని కాళ్లు, ఏ తల్లి చూసినా మురిసిపోయే కాళ్లు. కానీ పెళ్లినాడు పీటల మీద పెళ్లికొడుకు కాలి పక్కన ఆ కాలు పెట్టేసరికి ఆడోళ్లంతా కిసుక్కుమన్నారంట. ఏమైందంటే, వాళ్ల ఊళ్లో ఒక మాట ఉంది, మొగుడి కాలికంటే పెళ్లాం కాలు పెద్దదైతే ఆ ఇంట్లో మగోడి మాట చెల్లదని. ఎవరు కనిపెట్టారో మహానుభావులు! అత్త అప్పలనరసమ్మ అయితే ఆ పొద్దుటినుంచీ, ఓలె, కోడలొచ్చిందనుకున్నాను గానీ ఏనుగొచ్చిందే మా ఇంటికి, అనడమే. పున్నమ్మ ఏం చేసేదంటే, మొగుడు లోకనాథంతో కలిసి నడిచేటప్పుడు చెప్పుల్లో వేళ్లు లోపలికి ముడుచుకుని నడిచేదంట. కాళ్లు దాచుకోవడం ఎక్కడైనా విన్నారా? వినకేం, ఏదో ఒకటి దాచుకోకుండా కాపరం చేసినదెవత్తి ఇక్కడ?

ఆ ఏడు వానల్లేవు, ఊళ్లో పనుల్లేవు. అప్పుడొచ్చాడంట దండాసి మేస్త్రి. ఎక్కడో ఉత్తరాన మంచుకొండల్లో రోడ్డు పని, మొగుడూ పెళ్లాం జంటగా వస్తేనే తీసుకుంటానన్నాడు. అని ఊరుకున్నాడా, అరుగు మీద కూచుని చెప్పాడంట, ఒరే, అక్కడ ఒక పూట కూడు లేకపోయినా ఓర్చుకోవచ్చు, కాలు తడిస్తే ఓర్చుకోలేరు. నీళ్లు దిగని బూట్లు కొనుక్కోండి. ఉన్ని మేజోళ్లు తొడిగాక కూడా లోపల వేళ్లు ఆడాలి. వేలు ఆడకపోతే నెత్తురు ఆడదు, నెత్తురు ఆడకపోతే వేలు చచ్చిపోద్ది. సాయంత్రం పూట వెళ్లండి, పొద్దల్లా తిరిగిన కాలు ఉబ్బి ఉంటాది. తొడుక్కుని, నడిచి, గొంతుక్కూచుని చూసి మరీ కొనండి, అన్నాడు. అంతా చెప్పాడు. మగోళ్లకి చెప్పాడు.

మరి ఆడోళ్ల బూట్లో? ఆ ఊళ్లో ఆడదానికి చెప్పులు కావాలంటే ఆడది బజారుకెళ్లదు. చీపురుపుల్ల తెచ్చి, మడమ నుంచి వేలికొస దాకా పెట్టి తుంపుతారు. ఆ పుల్ల మగోడు జేబులో పెట్టుకెళ్తాడు. తొడిగేది కాలికి, కొనేది పుల్లకి. తరతరాలుగా అంతే అనుకోండి. పున్నమ్మ తన కాలు తనే కొలుచుకుంది. కొలుచుకుని ఆ పుల్ల వైపు చూసింది. రేపు బజార్లో మగోళ్లంతా పుల్లలన్నీ పక్కపక్కన పెడతారు, తనదొక్కటీ పైకి పొడుచుకొస్తాది, ఒరే లోకనాథం, ఇది నీ పెళ్లాం కాలా మీ తాత కాలా అంటారు. అందుకని ఏం చేసింది? వేలి కణుపంత ముక్క గోటితో పుటుక్కున తుంపేసి, మిగిలింది మొగుడి చేతిలో పెట్టింది. తుంపింది పున్నమ్మ గోరే, కాదన్ను. తుంపించిన నోళ్లు మాత్రం ఊరంతా ఉన్నాయి.

బజార్లో మగోళ్లు బూట్లు తొడుక్కుని ఇటూ అటూ నడిచారంట, బకెట్టు నీళ్లలో కాళ్లు ముంచి చూశారంట. ఆడోళ్ల వంతు వచ్చేసరికి పుల్లలు తీశారు. దుకాణం ఆయన నవ్వి, మనుషుల్ని తీసుకురండి బాబూ, మంచులో నడిచేది పుల్ల కాదు కదా, అన్నాడు. లోకనాథానికి రోషమొచ్చింది. "మా ఆడోళ్లు నీ కొట్లో కాళ్లు చాపుకు కూచుంటారేటయ్యా?" అన్నాడు. అంతే, పుల్ల బూటులో పట్టింది, బూటు సంచిలో పడింది.

కొండల్లోకి వెళ్లారు. మోకాటి లోతు మంచు. బూట్లు మంచివే, చుక్క నీరు దిగలేదు, బూట్లనేమీ అనకూడదు. కానీ పున్నమ్మకి ఉన్ని మేజోడు తొడిగితే కాలు దూరదు. పల్చటి నూలుది తొడిగి, వేళ్లు ముడుచుకుని, కుక్కుకుంది. ముడుచుకోవడం అలవాటేగా! రాళ్లు మోస్తా కుంటుతుంటే, ఏటే కుంటుతున్నావు, అన్నాడు మొగుడు. కొత్తవి కదా, కరుస్తన్నాయి, అంది. పుల్ల తుంపానని ఏ నోటితో చెప్తాది?

దండాసి మేస్త్రి కంటపడింది. ఆయన దగ్గర మగోళ్ల పాతబూట్ల జత ఒకటుంటే తెచ్చి, ఇవి వేసి చూడమ్మా, అన్నాడు. పున్నమ్మ ఉన్ని మేజోడు తొడుక్కుని వాటిల్లో కాలు పెట్టింది. వేళ్లు చాపింది. ఆడించింది. అబ్బ! పెళ్లైన నాటినుంచీ అంత హాయి ఎరగదంట. నాలుగడుగులు వేసేసరికి ముఖం వెలిగిపోయింది. అప్పుడే కూలోళ్లలో ఒకడు కేక పెట్టాడు, "ఒరే లోకనాథం! నీ బూట్లు నీ పెళ్లానికి ఇవ్వకురో, పగిలిపోతాయి!" అందరూ గొల్లున నవ్వారు. లోకనాథం నవ్వలేదు, అరవలేదు, కొట్టలేదు. పున్నమ్మ వైపు చూసి, తియ్యి, అన్నాడు. ఒక్క మాట. మొగుడి మాట చెల్లని ఇల్లంట అది! ఆవిడ మంచులో కూలబడి, తీసి, మళ్లీ ఆ బిగుతు జత తొడుక్కుంది.

మొదట మంట. తర్వాత తిమ్మిరి. ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి నయమైపోయిందనుకుంది పిచ్చిది. ఒకనాడు పొయ్యి దగ్గర బూట్లు విప్పితే వేళ్లు బొగ్గుల్లా ఉన్నాయంట. లోకనాథం ఆవిణ్ని వీపున వేసుకుని, ఏడుస్తా, కొండ దిగి ఆస్పత్రికి మోశాడు. మోశాడు, కాదనకూడదు. రెండు కాళ్ల వేళ్లూ తీసేశారు.

ఊరికి తెచ్చి అరుగు మీద దింపితే అత్త పరిగెత్తుకొచ్చింది. కట్లు చూసింది, గుండెలు బాదుకుంది. బాదుకుని ఏమందంటే, "మొగుడు బతికుండగా మెట్టెలేవే?" అంది. పున్నమ్మ, "వేళ్లతోపాటే పోయాయత్తా, తెచ్చుకోమంటావా?" అంది. ఆ ఇంట్లో ఆవిడ ఎదురు చెప్పడం అదే మొదలంట. లోకనాథం గడప మీద తలొంచుకు కూచున్నాడు.

మరుసటేడు దండాసి మళ్లీ వచ్చాడు. పున్నమ్మ కర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వెళ్లబోయే ఆడోళ్లతో, "ఓలె, బజారుకి బస్సెక్కండి, నేనూ వస్తాను. ఆ కొట్లో ముందు నేను కూచుని నా కాళ్లు బయటపెడతాను. ఆ తర్వాత మీ కాళ్లు చూసి ఎవడు నవ్వుతాడో నేనూ చూస్తాను" అంది.

అందరూ వెళ్లారని చెప్తే మీకూ బాగుండును, నాకూ బాగుండును. పున్నమ్మతో బజారుకి ఇద్దరే వెళ్లారు. మిగతావోళ్లకి సిగ్గొచ్చింది, లేదంటే అత్తలొద్దన్నారు, మళ్లీ పుల్లలే పంపారు. అంతా ఇప్పుడు ఆ కొండల్లోనే ఉన్నారు, మంచు ఇంకా కరగలేదంట. వాళ్లు తిరిగొచ్చే బస్సులోంచి ఎవరు నడిచి దిగుతారో, ఎవరిని ఎత్తి దింపుతారో, దేవుడికి తెలుసంటారు గానీ, ఆ దేవుడికేం, ఆయన వాహనం మీద తిరుగుతాడు.