ఒకే వరుసలో

జగదల్‌పూర్. ఒక ఫంక్షన్ హాల్లో వేదిక వెనకున్న గది. సాయంత్రం.

"ముందా కర్ర కింద పెట్టు గంగక్కా."

"పెట్ట."

"రక్తం కారుతోంది దానికి!"

"కారనీ. నువ్వు ముందు తలుపు మూసి గడి పెట్టు."

"పెట్టాను. ఏటి చేశావు నువ్వు? ఆట బృందానికే పెద్దవి. రిహార్సల్లో, అందరూ చూస్తుండగా, ఆ గజ్జెల కర్రతో ఉమేష్ తల మీద... ఇనప కర్ర అది! చచ్చిపోతే?"

"సావడు. ఏడ కొట్టాల్నో నాకు తెల్సు. ఆ బట్ట ఇటియ్యి, తలకు కడ్త."

"ఇదా? ఇది అతిథికి కప్పే పట్టు శాలువా."

"ఇయ్యి అంటున్న."

"సరే, తీసుకో. ఉమేష్! ఉమేష్, వినిపిస్తోందా? నేను, హెప్సిబాని."

"ఇంటున్న మేడం... జర నీళ్ళు."

"మాట్లాడకు ఉమేష్. పండుకో. హెప్సిబమ్మా, బండి పిలువు. దవాఖానకు తీస్కపోదాం."

"పిలుస్తాను. పిలుస్తాను గానీ... ఒక్క అరగంట ఆగు."

"ఏందీ?"

"అరగంటక్కా. అతిథుల బస్సు ఊళ్ళోకి వచ్చేసిందట. ఈ హాలుకున్నది ఒక్కటే గేటు. వాళ్ళు బస్సు దిగే చోటే అంబులెన్స్ ఆగి, రక్తం ఓడుతున్న మనిషిని ఎక్కిస్తే... ఇంకేటి మిగిలింది?"

"మనిషి మిగుల్తడు."

"అలాగనకు. చావడని నువ్వే అన్నావు కదా."

"ఎవరమ్మా వాళ్ళు? నెత్తురు చూడలేనంత పెద్దోళ్ళా?"

"చెప్పాను కదక్కా, మిమ్మల్ని ఎర్రబోరు నుంచి తెప్పించినప్పుడే. ఏటేటా పెద్ద ఉత్సవం చేసే సంస్థ. దేశదేశాల నుంచి జనం వస్తారు. ఈసారి ఏ ఊళ్ళో చెయ్యాలో ఇవాళ తేల్చేస్తారు. విశాఖపట్నం చూశారు, రాయ్‌పూర్ చూశారు. జగదల్‌పూర్ కూడా చూడండని వాళ్ళ చుట్టూ తిరిగింది నేను. హల్బీ, గోండీ, దోర్లీ, ఒడియా, బెంగాలీ, తెలుగు, హిందీ... ఒక్క బజార్లో ఇన్ని భాషలు వినిపించే ఊరు ఇంకోటి చూపించండని అడిగాను."

"మంచిగనే అడిగినవ్. మరి ఆట సరిపోకపాయెనా? ఆ నాటకం ఎందుకు పెట్టినవ్?"

"అదా... చిన్న ముక్క. రెండు నిమిషాలు."

"నాకు చెప్పలే."

"చెబ్దామనే అనుకున్నాను."

"ఎప్పుడు? ఆట అయినంకనా?"

"అక్కా, నేను కిరండూల్ రైల్వే క్వార్టర్సులో పుట్టాను. చదువుకి విశాఖ వెళ్తే, బస్తర్ పిల్లనని తెలియగానే అడిగేవారు, మీ దగ్గర రోజూ చంపుకుంటారట కదా అని. నవ్వుతూ అడిగేవారు. ఒళ్ళు మండిపోయేది నాకు. ఆ మాట పోగొట్టాలని ఎన్నాళ్ళ నుంచో... చంపినవాడూ, చచ్చినవాడి భార్యా ఒకే వరుసలో, ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఆడుతున్నారంటే ఎవరి కళ్ళు చెమర్చవు? అలాంటి ఊరు ఇంకెక్కడుంది?"

"అందుకని ఉమేష్ తోని నా కాళ్ళు పట్టించినవ్."

"క్షమాపణ అడగమన్నాను. తప్పా?"

"కాళ్ళు పట్టుకొని ఏమనమన్నవ్?"

"జరిగిందే చెప్పమన్నాను. దళంలో ఉన్నప్పుడు, మీ ఆయన ఇన్ఫార్మరని ఇంట్లోంచి లాక్కెళ్ళి..."

"చెప్పు. ఆగినవేంది?"

"వద్దక్కా."

"నేను చెప్త. కట్టెలతోని కొట్టిండ్రు. ఊరందరిని కూసోబెట్టి కొట్టిండ్రు. నేను మొఖం తిప్పుకుంటే జుట్టు పట్టి మళ్ళ అటే తిప్పిండ్రు. మోకాళ్ళు ఇరగ్గొట్టి, లేసి నిలబడమన్నరు. నిలబడలేదని మళ్ళ కొట్టిండ్రు. అయిపొయ్యేదాక చూసిన. ఆ కట్టెలల్ల ఒకటి ఉమేష్‌ది."

"అయ్యో దేవుడా. ఇంత పగ ఉందని ముందే చెబితే, నిన్ను వాడి పక్కన నిలబెట్టేదాన్నే కాదు."

"నిలబెట్టింది నువ్వనుకుంటున్నవా? వాణ్ని ఆటలకు తెచ్చిందే నేను."

"నువ్వా?"

"నేనే. లొంగిపొయ్యి ఊరికొచ్చినంక మా ఆయన గుర్తుకు పాతే రాయి వాడే మోసుకొచ్చిండు. వాగు అవతలి నుంచి, ఒక్కడే, భుజం చీరుకపొయ్యేటట్టు. పాతినం. అన్నం వండి నా చేత్తోనే వాడికి పెట్టిన. తింటుంటే వాడు ఏడ్సిండు. నేను ఏడ్వలే."

"మరి క్షమించేశావు కదా! అదే కదా నేను చూపిద్దామన్నది!"

"నువ్వు ఇనవు. రాయి పాతి, కలిసి తిన్నంక ఆ సావు మాట ఎత్తొద్దు. ఎవ్వరూ ఎత్తొద్దు. సంపినోడైతే అస్సలెత్తొద్దు. మా ఊరి కట్టు అది. ఎత్తితే రాయి పీకేసినట్టే. మళ్ళ నెత్తురు మొదటికొస్తది."

"నాకు తెలీదు. ప్రభువు తోడు, తెలీదు. ఉమేష్, నువ్వైనా చెప్పొద్దా?"

"చెప్పిన మేడం. ఆ మాట ఎత్తొద్దు మా దగ్గర అని... మీరే, స్టేజి మీద అన్నది నాటకమే కదా, దానికేటవుతుంది అన్నరు."

"అన్నానా?"

"అన్నవమ్మా. అట్లంటేనే వీడు నమ్మిండు. నా కాళ్ళు పట్టుకొని, మా ఆయన పేరు పెట్టి, నేనే సంపిన అన్నడు. వరుసల ఎవరెవరు నిలబడ్డరో నీకెరుకనా? సగం మంది మా అత్తగారి దిక్కు, సగం మంది వీడి దిక్కు. మా మరిది ముయా చేతుల ఆట గొడ్డలి ఉండె. నువ్వు కెమెరా దిక్కు చూస్తున్నవ్. నేను ముయా దిక్కు చూసిన. గొడ్డలి లేసింది."

"లేచిందా? అందుకని నువ్వు..."

"నెత్తురు మొదటికొస్తే మొదటి దెబ్బ సచ్చినోడి పెండ్లాముది. నేను కొట్టి నెత్తురు చూపిస్తే ఇంక ఎవ్వరూ చెయ్యెత్తొద్దు. నా కర్రకు తల పగుల్తది. ముయా గొడ్డలికి తలే ఉండదు."

"బతికించడానికి కొట్టావా?"

"ఇంకేం చెయ్యాలె? చెప్పు, ఆ గడియల ఇంకేం చెయ్యాలె?"

"నాకేటి తోచడం లేదక్కా. తప్పు నాది. ఆ ముక్క తీసేస్తాను. ఉత్త ఆటే ఉంచుదాం. మీవాళ్ళకి నేను వెళ్ళి దణ్ణం పెట్టి చెబుతాను... ఇదిగో, విను! డోలు మొదలెట్టారు! చల్లబడ్డారన్నమాట!"

"ఆగు. జర ఇననియ్యి."

"ఏటలా చూస్తున్నావు?"

"ఏం లే. ఆ బల్ల ఇటు నూకు."

"ఎందుకు?"

"కూసుంట."

"తలుపుకి అడ్డంగానా?"

"కాళ్ళు గుంజుతున్నయి. ఇటు ఆనిచ్చి కూసుంట. నూకు. ఇంకా నూకు. ఉమేష్, లెవ్వగలవా?"

"గంగక్కా, ఆ డోలు..."

"ఇంటున్న. ఆ మూలకు పో. పాక్కుంట పో."

"నన్ను పోనియ్యి అక్కా. నేను బయటికి పోత. నేను పోతే అయిపోతది."

"నోర్మూసుకొని మూలకు పో!"

"ఏటి మాట్లాడుకుంటున్నారు మీరిద్దరూ? ఉండండి, ఫోను. గేటు దగ్గరున్న సునీల్. హలో? ఆ, దిగారా? ఆ... నిజంగానా? మళ్ళీ చెప్పు. ఒట్టు? సునీల్, ఒట్టు? అక్కా! అక్కా! బస్సు దిగీ దిగగానే డోలు విన్నారట. వాళ్ళ పెద్దాయన అక్కడే నిలబడిపోయి వీడియో తీస్తున్నాడట. ఇలాంటి దెబ్బ ఎక్కడా వినలేదు, ఇంక వేరే ఊరు చూడక్కర్లేదు అన్నాడట. ఒప్పేసుకున్నారు. జగదల్‌పూరే! మన ఊరు గెలిచింది గంగక్కా! ఇంక భయం లేదు. ఇప్పుడే అంబులెన్స్ పిలుస్తాను, ఇదిగో, ఇప్పుడే..."

"ఇప్పుడు అది ఈడిదాక రాదు."

"ఎందుకు రాదు? విను, మనవాళ్ళు ఇటే వస్తున్నట్టున్నారు, డోలు దగ్గరవుతోంది. అతిథులు చప్పట్లు కూడా కొడుతున్నారు!"

"అది ఆట డోలు గాదమ్మా. మనిషి మీదికి పొయ్యేటప్పుడు కొట్టేది. నా దెబ్బ ముయా వాళ్ళకు సాలలే. రా, నువ్వు గూడ ఈ తలుపు పట్టుకో."