శనగలూ గుమ్మడికాయా

మాంసం మానెయ్యమని డాక్టరు చెప్పినప్పటి నుంచి, రిటైరైన భర్త ఫోనులో వీడియోలు చూసి తనే వండుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు శనగలూ గుమ్మడికాయా కలిపి ఉడికించి, భార్య ముందు పెట్టి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

ఆమె నిదానంగా రెండో చెంచా కూడా నోట్లో పెట్టుకుంది. చాలా బాగుంది.

"తినొచ్చు."

పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఏం వండిపెట్టినా, పేపరులోంచి తలెత్తకుండా అతను అన్న మాట అదే. ఇన్నేళ్లూ దాచుకుని ఇప్పుడు తిరిగిచ్చింది.

"అంతేనా? పొద్దుట్నుంచీ నిలబడి చేశానోయ్, నడుం పడిపోయింది. బాగుందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

"ఇన్నాళ్లూ మీ సొమ్మేం పోయిందండీ?"

"నేనేం చేశాను?"

"నేను వండినదానికి మీరేమనేవారు?"

అతను నిజంగానే ఆలోచించాడు. ముఖంలో వెతుకులాట ఉంది కానీ, తడబాటు లేదు.

"ఏమంటాను? బాగుందనే అనుంటాను. బాగుండేదిగా."

ఆమె మూడో చెంచా నోటిదాకా తెచ్చి, మళ్లీ గిన్నెలోనే పెట్టేసింది.