బొగ్గు ఏ బీరువాలో ఉంది?

చిన్న ప్రకృతి మ్యూజియం. గాజు బీరువాల నిండా గడ్డి కూరిన జంతువులు. గుడ్లగూబ ముందు మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్నారు. మూడేళ్ళ కొడుకు తండ్రి చంకలో ఉన్నాడు. ఐదేళ్ళ కూతురు బీరువా బీరువా వెతుకుతూ తిరుగుతోంది.

"ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి."

"మెల్లిగా మాట్లాడు. అందరూ చూస్తున్నారు."

"చూడనీండి! పిల్లి చచ్చిపోయిందని పిల్లకి చెప్పమంటే, మ్యూజియంవాళ్ళు తీసుకెళ్ళారని చెప్పారా?"

"అప్పటికి నోటికొచ్చింది అదే. బొగ్గు ఏదీ, బొగ్గు ఏదీ అని ప్రాణం తీస్తుంటే ఏం చెయ్యను? నువ్వు నిజంగా ఇక్కడికి తీసుకొస్తావని నాకేం తెలుసు?"

"మ్యూజియం మ్యూజియం అని వారం రోజులుగా కలవరిస్తుంటే, పిల్లకి జంతువులంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయానండీ! పొద్దున్నించీ తలనొప్పి అన్నారు, బండి టైరన్నారు... ఇందుకా?"

"అమ్మా! ఈ గదంతా చూశాను. నక్క ఉంది. బొగ్గు లేదు!"

"వస్తున్నానమ్మా, ఉండు... వెళ్ళండి. వెళ్ళి చెప్పండి దానికి."

"ఇక్కడా?"

"ఇక్కడే. ఇప్పుడే."

"నాన్నా, ఉచ్చ."

"అయ్యో, వీడికి ఉచ్చట. తీసుకెళ్ళొస్తాను."

"అడుగు కదిపారో చూడండి! ఇందాకేగా పోయించాను. ఇటివ్వండి వాణ్ణి. మొన్న పిల్లని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ ఐస్‌క్రీమన్నారు. సూది నొప్పే పుట్టదన్నారు. రేపు మీ మాట అది ఎందుకు నమ్మాలి?"

"ఎవరండీ ఈ పాప తాలూకు? అద్దాలు దబదబా బాదేస్తోంది. ఇక్కడ కాపలా నేను, పగిలితే నా ఉద్యోగం ఊడుతుంది. నల్లపిల్లి ఏదీ అని నా బుర్ర తినేస్తోంది."

"మా పాపేనండీ. సారీ."

"ఆ మూలన అడవిపిల్లి ఉంది. అదే మీ పిల్లి అని చెప్పెయ్యండి సార్. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది?"

"మీరొకరు దొరికారయ్యా ఈయనకి తోడు!"

"అది బొగ్గు కాదు తాతా! బొగ్గుకి ఒక చెవి చిరిగుంటుంది. అమ్మమ్మ ఊర్నించి వచ్చేలోపల దాన్ని ఇంటికి తీసుకెళ్ళాలి. లేకపోతే అమ్మమ్మ బెంగపెట్టుకుంటుంది."

"విన్నావా? ఊరికే నన్నంటున్నావు. మరి మీ అమ్మగారి సంగతి నువ్వు..."

"మా అమ్మ మాట ఎత్తారంటే ఊరుకోను! అది వేరు."

"ఏం వేరు?"

"వేరంటే వేరే! మాట మార్చకండి. దాని మొహం చూడండి ఒకసారి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నా వల్ల కాదు. ఈ చేతుల్తో పూడ్చాను దాన్ని. పిల్లకి ఆ మాట చెప్పడం నా వల్ల కాదే."

"సరే, తప్పుకోండి. ఒళ్ళు మండిపోతోంది నాకు... ఇలా రా బంగారం. నా పక్కన కూర్చో. బొగ్గు ఇక్కడ లేదమ్మా."

"పై గదిలో ఉందా?"

"ఎక్కడా లేదు. బండి కింద పడి చచ్చిపోయింది. నాన్న పెరట్లో పూడ్చారు. ఇంక రాదు."

"మ్యూజియంలో ఉందని నాన్న అన్నాడుగా?"

"అబద్ధం చెప్పారు. నువ్వు ఏడుస్తావని."

"నువ్వు చెప్పవా అబద్ధం?"

"నేనా? నేనెందుకు చెప్తాను? అమ్మ నీకెప్పుడూ నిజమే చెప్తుంది. ఏడవాలనుంటే ఏడు, ఫరవాలేదు."

"ఏడుపొస్తోంది... అమ్మా?"

"చెప్పు తల్లీ."

"అమ్మమ్మ ఊరెళ్ళిందని నాకు చెప్పింది నువ్వా, నాన్నా?"