మా ముందుగదిలో రిహార్సలు

అదేంటి సార్జెంటుగారూ, అప్పుడే ‘ప్రమాదం’ అని రాసేసుకున్నారా? మా ఆయనకి దుప్పటి కప్పి తీసుకెళ్లి పావుగంటైనా కాలేదు. నన్నొక్క ముక్క అడిగారా?

ఆ, పక్కింటి మిసెస్ పెర్కిన్ చెప్పే ఉంటుంది, "పాపం, రిహార్సల్లో పొరపాటు" అని. ఇరవై రెండేళ్లుగా గోడకవతల నుంచి నా కేకలు వింటూనే ఉంది మహాతల్లి. పొద్దున్నే పాలసీసాలు తీసుకుంటూ, "నిన్న బలే ఏడ్చావే ఎనిడ్, నువ్వూ టీవీలోకి పోరాదూ?" అని నవ్వేది.

నేనూ నవ్వేదాన్ని. పగిలిన పెదవితో నవ్వడం ఎంత కష్టమో మీకేం తెలుసు లెండి!

మా క్లెమెంట్ మీకూ తెలిసినవాడేగా. లీడ్స్ ఊళ్లో నాటకాల్లో మాటల్లేని బంటు వేషాలకి బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. రెండు సినిమాల్లో గొంతులు కోశాడు. ఆపైన టీవీ రౌడీ అయి, ప్రతి శుక్రవారం మీ అందరిళ్లలోకీ వచ్చి ఎవరో ఒకర్ని చావగొట్టేవాడు. బజార్లో జనం ఎగబడి చేతులు కలిపేవాళ్లు. సెట్లో మాత్రం ఎదుటివాడికి గోరు కూడా తగలనిచ్చేవాడు కాదట. ఆ జాగ్రత్తంతా అక్కడే అయిపోయేది.

ఇంటికొచ్చి, "రా, రేపటి సీను చూద్దాం" అనేవాడు. కాగితంలో చెంపదెబ్బ ఒకటుంటే నాకు ఆరు. వాళ్ల పనిలో ఒక కట్టుబాటుంది సార్. దెబ్బ తినేవాళ్లు చేత్తో రెండుసార్లు తడితే కొట్టేవాళ్లు ఠక్కున ఆగాలి. నేనూ తట్టేదాన్ని. నేలని, గోడని, ఆయన బూటుని. "నువ్వేమన్నా డైరెక్టరువా, ఆపమనడానికి?" అనేవాడు. ఈ పక్కటెముక అప్పుడు విరిగిందే.

ఇవాళ మధ్యాహ్నం సీనులో చచ్చేది తనేనట. పెళ్లాం వెనకనుంచి మెడకి మఫ్లరు బిగించాలి. కుర్చీలో కూచుని, "గట్టిగా లాగు, మొద్దు మొహమా! చూసేవాళ్లు నమ్మాలి" అన్నాడు.

లాగాను. కాళ్లు టీబల్లని తన్నాయి, కప్పులు పగిలాయి. నా మణికట్టు మీద తట్టాడు. రెండుసార్లు. మళ్లీ రెండు. గోళ్లతో చీరేశాడు, ఇదిగో, చూడండి. గోడకవతల మిసెస్ పెర్కిన్ చప్పట్లు కొట్టింది సార్, ఒట్టు!

తెలీక కాదు. తెలిసే బిగించాను. మోకాలు కుర్చీ వీపుకి ఆనించి మరీ.

కొట్టేయండి ఆ ‘ప్రమాదం’ అన్న మాట. పెన్ను పట్టుకుని అలా చూస్తారేం? నేను తిన్న దెబ్బలన్నీ నటనే అనుకున్నారు, సరే, పోనీండి. ఇది నా చేతులతో నేను చేసింది. ఇదన్నా నిజమని రాయండి.