నీలం రంగు చిన్న కుర్చీ

జూలై ఎండలో దేనియా ఊరి సముద్రతీరం వెంట వెళ్తున్న బస్సు, ఎవరూ ఆపమనే బటన్ నొక్కకుండానే రాళ్ల రేవు దగ్గర ఆగింది. ముందు సీట్లోని ముసలావిడ ఒళ్లో నీలం రంగు పిల్లల మడతకుర్చీ ఉంది.

"దిగండమ్మా," అన్నాడు డ్రైవర్.

"నేనెందుకు దిగుతాను? ఈ కుర్చీ మా చెల్లెలి మనవడికివ్వడానికి పక్క ఊరు పోతున్నా."

డ్రైవర్ నాలుక్కరుచుకున్నాడు. "దాన్ని చూసి అలవాటుగా ఆపేశానమ్మా. బాతిస్త గారిదే కదూ? వేసవంతా గురువారం గురువారం ఇక్కడే దిగేవారు."

"మా ఆయనా? పొరపాటు పడ్డావు బాబూ. గురువారాలు పేకాటకి పోయేవాడు. మా పిల్లాడు నెలో ఇక్కడ మునిగిపోయాక, మొన్న తను పోయేదాకా, ఇరవై ఏళ్లు సముద్రం మొహం చూడలేదు. పిల్లాడి పేరైనా ఎత్తలేదు. రాతిగుండె మనిషి!"

"రెండు కుర్చీలు తెచ్చేవారమ్మా. ఇది పక్కన ఖాళీగా వేసేవారు. ఎవరికి తాతా అని ఓసారి వేళాకోళమాడితే, 'నెలోకి. నీళ్లలో ఆడుతున్నాడు, వస్తాడు' అన్నారు."

ఆమె కుర్చీ మడత విప్పింది. ఒళ్లోకి ఇసుక రాలింది.

"పోనివ్వవయ్యా బాబూ, అక్కడ మా పాయెయా అన్నం చల్లారిపోతోంది!" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆమె లేచి మెట్టు దిగింది.

"ఏ రాయి పక్కన వేసేవాడు?"