కవాతు మైదానంలో మొక్కజొన్న

1675 అక్టోబరు, మసాచుసెట్స్ వలస సీమ. తెల్లవాళ్ళకీ స్థానిక తెగలకీ యుద్ధం నడుస్తోంది. క్రైస్తవం పుచ్చుకున్న నిప్మక్ తెగ కుటుంబాలను సైతం సముద్రంలోని ఒక దీవికి తరలించమని సర్కారు ఉత్తర్వు. వాళ్ళందరినీ ఊరి కవాతు మైదానంలో పోగుచేశారు. కాపలా ఉన్నది సార్జంటు హెజకయా. ఆ కుటుంబాల పెద్ద ఎలియాజర్.

“కాసేపు కూర్చో ఎలియాజర్. పడవలు ఇంకా రాలేదు.”

“ఫర్వాలేదు సార్జంటు గారూ.”

“గారేంటయ్యా కొత్తగా? ఇన్నేళ్ళూ హెజకయా అనేగా పిలిచావు.”

“అప్పుడు నీ తుపాకీ నా వైపు తిరిగి లేదు.”

“ఇదిగో, దించాను. సరేనా? ఉత్తర్వు నేను రాసింది కాదు.”

“నువ్వు రాశావని ఎవరన్నారు?”

“ఈ చలికాలం ఒక్కటే. గొడవ సద్దుమణగ్గానే మళ్ళీ మీ ఇళ్ళకి...”

“ఆ దీవిలో ఏముంది?”

“ఏముందంటే... చేపలుంటాయి. ఆల్చిప్పలు...”

“కట్టెలు?”

“ఉంటాయిలే.”

“చూశావా?”

“చూడలేదు. గుచ్చి గుచ్చి అడక్కు.”

“కొట్లో మొక్కజొన్న వదిలేసి వచ్చాం. ఒకళ్ళం వెళ్ళి తెచ్చుకుంటాం.”

“కుదరదు. చేతిలో ఉన్నదే పట్టుకెళ్ళాలన్నారు. నా మీద కోపం పెట్టుకోకు. ఈ నేల మీదే కదా మనిద్దరం కవాతు చేశాం? కుడికాలంటే నువ్వు ఎడంకాలు వేసేవాడివి.”

“ఎడంకాలు వేసింది నువ్వు. నీ వెనకే నిలబడేవాణ్ణి, నాకు తెలీదా?”

“సరేలే, నేనే. అబ్బ, కెప్టెన్ తిట్టిన తిట్లు!”

“నీకు ఈ నేల అప్పట్నుంచే తెలుసు. నాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. ఇది మా అమ్మ మొక్కజొన్న చేను. నువ్వు నిలబడ్డ చోట గుమ్మడి పాదులుండేవి.”

“మీవాళ్ళే ఊరికి ఇచ్చారుగా.”

“కవాతుకి జాగా కావాలంటే ఇచ్చాం. రాళ్ళు కూడా మేమే ఏరాం. ఈటెలిచ్చి మమ్మల్నీ వరసలో నిలబెట్టారు. తర్వాత చట్టం మారిందని ఈటెలు లాక్కుని ఇళ్ళకి పొమ్మన్నారు.”

“ఆ రోజు నేను మాట్లాడాల్సింది. మాట్లాడలేదు.”

“ఇవాళ మాట్లాడు. మా కోడలికి నెలలు నిండాయి. రేవు దాకా దాన్ని బండెక్కించు.”

“బండి కెప్టెన్ సామాన్లకి.”

“సామాన్ల మీదే కూర్చుంటుంది.”

“నా చేతిలో లేదయ్యా! నీకెలా చెప్పాలి? నా బాధ నాకుంది. మా అబ్బాయి జోయెల్ వెళ్ళిన దళం చెల్లాచెదురైందంటున్నారు. దారి చూపడానికి మీ అబ్బాయి శామ్యూల్ కూడా వెంట వెళ్ళాడు కదా. మీవాళ్ళకేమైనా కబురు తెలిసిందా? వాళ్ళమ్మ రొట్టె ముక్క ముట్టడం లేదు.”

“మా ఇంట్లోనూ ఇవాళ పొయ్యి రాజలేదు.”

“ఎలియాజర్? నిన్నే. తెలిసిందా?”

“తెలిసింది.”

“ఏం తెలిసింది? ఉన్నాడా?”

“ఉన్నాడు. వాగు అవతల కాలిపోయిన మిల్లు ఉందే, దాని కింది కొట్లో. తొడలో గుండు దిగింది, నడవలేడు. మా శామ్యూల్ వీపున మోసుకొచ్చి అక్కడ పడుకోబెట్టాడు.”

“దేవుడా... దేవుడా! శామ్యూల్ ఎక్కడున్నాడు? వాడి చేతులు పట్టుకోవాలి నేను. ఇక్కడ కనిపించడేం?”

“మీవాడి సంగతి నీకు చెబుదామనే నిన్న సాయంత్రం ఊళ్ళోకి బయల్దేరాడు. వాగు దాటుతుంటే కాల్చారు. పాక్కుంటూ మా గుడిసెకి వచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. తెల్లారేసరికి పోయాడు. పూడ్చి, చేతులకంటిన మట్టి కడుక్కోక ముందే మీరొచ్చి లేవమన్నారు.”

“వాగు దగ్గరా? నిన్న సాయంత్రమా?”

“అవును.”

“చేతులెత్తి ఏదో అరిచాడు. గాలికి సరిగ్గా వినపడలేదు. వాడని నాకు... ఎలియాజర్, వాడని నాకు...”

“నీ కొడుకు పేరే అరిచాడట.”

“కాల్చింది నేనని నీకు తెలుసా?”

“తెలుసు. జోయెల్ సంగతి నీకు చెప్పకుండానే పడవెక్కుదామనుకున్నాను. నా కోడలు ఒప్పుకోలేదు.”